పూత వద్దని చెప్పడానికే ఫిజిక్స్ కావాలి

దక్షిణ ఒడిశాలో జయపురం బజారులోనో రాయగడ స్టేషన్ రోడ్డులోనో ఏ హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళినా బంగారు రంగు డ్రిల్ బిట్లు కనిపిస్తాయి. మామూలు బిట్ల కంటే రేటు ఎక్కువ. "టైటానియం కోటింగండీ, ఎక్కువ కాలం వస్తుంది" అంటారు. ఆ రంగు టైటానియం నైట్రైడ్‌దే (టైటానియం, నైట్రోజన్ కలిసిన గట్టి పదార్థం) కావచ్చు. అయితే ఆ రంగు రావడానికి 0.3 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం చాలు. కోతపనికి పనికిరావాలంటే 2 నుంచి 4 మైక్రాన్లు ఉండాలి. కింద ఉన్నది వేడికి తట్టుకునే హైస్పీడ్ స్టీలు కాకుండా మామూలు కార్బన్ స్టీలైతే అన్ని మైక్రాన్లున్నా లాభం లేదు. చిల్లు పెట్టేటప్పుడు పుట్టే వేడికి కింది లోహం మెత్తబడుతుంది, అది అణిగిన చోటల్లా పైపూత చిట్లిపోతుంది. రంగు చూసి మందం చెప్పలేం. మందం తెలిసినా అది అంటుకుని ఉందో లేదో చెప్పలేం. అంటుకున్నా అది ఆ పనికి తగినదో కాదో చెప్పలేం. ఈ మూడూ చెప్పగలిగినవాడు ఒకడుండాలి. వాడు ఫిజిక్స్ చదివినవాడైతే మంచిదని నా వాదన.

ఒకసారి మన చుట్టూ ఏమున్నాయో చూడండి. సునాబెడలో 1964లో మిగ్ ఇంజన్ల కోసం మొదలైన హెచ్‌ఏఎల్ ఫ్యాక్టరీ ఉంది. సుఖోయ్-30 విమానాలకు 240 ఇంజన్లు ఇవ్వడానికి 2024 సెప్టెంబరులో కుదిరిన ఒప్పందం పని అక్కడే జరుగుతోంది. దామన్‌జోడిలో నాల్కో అల్యూమినా రిఫైనరీ, రాయగడ పక్కనే జేకే పేపరు మిల్లు, థేరుబలిలో ఫెర్రోక్రోమ్ (ఇనుము, క్రోమియం మిశ్రమం) ఫ్యాక్టరీ ఉన్నాయి. గంజాం తీరంలో ఛత్రపురం దగ్గర ఇసుకలోంచి ఇల్మనైట్, రూటైల్, జిర్కాన్ తీస్తారు. టైటానియం ఖనిజం, క్రోమియం, వాటితో పూత పూయించుకోదగ్గ యంత్రాలు, అన్నీ కోరాపుట్, రాయగడ, గంజాం ఈ మూడు జిల్లాల్లోనే. ఇక్కడి తెలుగు ఇళ్ళలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసిన పిల్లలకు మాత్రం బీఈడీ, బ్యాంకు పరీక్షలు తప్ప మరో దారి చెప్పేవాళ్ళు కనపడరు. కోటింగ్ సంగతి ఎత్తితే అది మెకానికల్ వాళ్ళదో కెమికల్ వాళ్ళదో అని తోసేస్తారు.

ఈ రంగం గురించి రాసేవాళ్ళు ఎక్కువగా యంత్రం దగ్గర మొదలుపెడతారు. వాక్యూమ్ ఛాంబర్, లోపల ఊదారంగు వెలుగు, బయట మీటర్లు చూడ్డానికి బాగానే ఉంటాయి. నేను అంతకు ముందటి మెట్టు నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే నష్టం ఎక్కువగా అక్కడే జరుగుతుంది.

ఆర్క్ పద్ధతిలో, అంటే వాక్యూమ్‌లో విద్యుత్ మెరుపుతో టైటానియంను ఆవిరి చేసి, టైటానియం నైట్రైడ్ వెయ్యాలంటే పనిముట్టు 400 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది. ఉక్కును గట్టిపరిచాక చివరిసారి ఏ వేడిలో టెంపర్ చేశారో (పెళుసు తగ్గడానికి మళ్ళీ వేడిచేశారో), కోటింగ్ వేడి దానికంటే కనీసం 30 డిగ్రీలు తక్కువుండాలి. ఎం2 హైస్పీడ్ స్టీలు 540, 560 డిగ్రీల దగ్గర టెంపర్ అవుతుంది, దానికి 450 ఒక లెక్క కాదు. బేరింగులకు వాడే ఈఎన్31 అలా కాదు. అది 150, 200 మధ్య టెంపర్ అయ్యే ఉక్కు. గట్టితనం కొలిచే రాక్‌వెల్ సి స్కేలు (హెచ్‌ఆర్‌సీ) మీద 60 దాటి ఉన్నది ఛాంబర్‌లోంచి బయటికొచ్చేసరికి 50 దరిదాపులకు దిగిపోతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. పైన బంగారు రంగు మెరుస్తుంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది డి2 అనే ఉక్కు. ప్రెస్ టూల్స్‌లో పంచ్‌లకు, డైలకు దీన్ని తెగ వాడతారు. దీనికి రెండు రకాల టెంపరింగ్ ఉంది. 200 డిగ్రీల దగ్గర ఒకటి, 510, 520 దగ్గర రెండోది. రెండిటికీ బయటికి కనిపించే హార్డ్‌నెస్ దాదాపు ఒకటే, 60 అటూ ఇటూ. రిపోర్టులో "డి2, 60 హెచ్‌ఆర్‌సీ" అని ఒక్క ముక్క రాసి పంపితే కోటింగ్ వేసేవాడికి అది ఏ రకమో తెలిసే దారే లేదు. తక్కువ వేడిలో టెంపర్ అయినదాన్ని 450కి తీసుకెళ్తే రెండు మూడు పాయింట్లు గట్టితనం పోతుంది. లోపల మిగిలిపోయిన ఆస్టెనైట్ (గట్టిపరిచినప్పుడు మారకుండా ఉండిపోయిన ఉక్కు రూపం) మారి కొలత కూడా మారుతుంది. డై రంధ్రంలో పంచ్ పట్టకపోతే తప్పు పూత మీద వేస్తారు. నిజానికి ఆ తప్పు హీట్ ట్రీట్‌మెంట్ కాగితంలో రాయని ఒక్క అంకెది. కోటింగ్ చేసేవాడు ఆ అంకె అడగాలి, చెప్పకపోతే పనిముట్టు వెనక్కి పంపాలి. గిరాకీ పోతుందని అడగని వాళ్ళే ఎక్కువ.

ఇంకొన్ని "వద్దు"లు మన జిల్లాల పనుల్లోంచే చెప్తాను. అల్యూమినా రిఫైనరీలో వేడి కాస్టిక్ సోడాలో కలిసిన బాక్సైట్ ముద్దను తోసే పంపులుంటాయి. వాటి ఇంపెల్లర్‌కి 3 మైక్రాన్ల పూత వేయించడం డబ్బు దండగ. గట్టి రేణువు ఒక్కోటి తగిలినప్పుడల్లా లేచిపోయే లోహమే మైక్రాన్లలో ఉంటుంది. అక్కడ కావలసింది 27 శాతం దాకా క్రోమియం ఉన్న తెల్ల పోత ఇనుము, వేడి మరీ ఎక్కువ లేని చోటైతే రబ్బరు లైనింగ్. పేపరు మిల్లులో దుంగల్ని ముక్కలు చేసే చిప్పర్ కత్తులకూ ఇదే మాట. దుంగతోపాటు ఇసుక, రాయి వస్తాయి. అంచు అరగడం కంటే ముందే పెచ్చు లేస్తుంది, తరచూ సాన పడుతుంది, సాన పట్టిన ముఖం మీద పూత సాంతం పోతుంది. అదే మిల్లులో కాగితాన్ని పొడుగ్గా చీల్చే గుండ్రటి కత్తులకైతే ఆలోచించవచ్చు, అక్కడ అరుగుదల నెమ్మదిగా, సమంగా ఉంటుంది.

అరిగిన షాఫ్టు తెచ్చి "దీనికి టైటానియం ఎక్కించి సైజుకు తెప్పించండి" అని అడిగేవాళ్ళుంటారు. హార్డ్ క్రోమ్ ప్లేటింగ్‌తో పదుల, వందల మైక్రాన్లు ఎక్కించి మళ్ళీ గ్రైండ్ చేసి సైజుకు తేవచ్చు. ఇక్కడ అది కుదరదు. ఆర్క్ పూతల్లో లోపల ఎన్నో గిగాపాస్కల్స్ నొక్కుడు ఒత్తిడి ఉంటుంది. 5 మైక్రాన్లు దాటితే పదునైన అంచుల దగ్గర తనంతట తనే లేచిపోతుంది. ఇకపోతే లోపలి రంధ్రాలు. పూత పదార్థం దాదాపు సూటిగా ప్రయాణిస్తుంది కనుక రంధ్రం వ్యాసం ఎంతో లోతు అంతవరకే ఆశ పెట్టుకోవాలి. 10 మిల్లీమీటర్ల రంధ్రంలో 60 మిల్లీమీటర్ల లోపల ఏమీ పడదు.

వెయ్యదగినవీ చాలానే ఉన్నాయి. హైస్పీడ్ స్టీలు ట్యాపులు, గేర్లు కోసే హాబ్‌లు, స్టెయిన్‌లెస్ రేకును కొట్టే పంచ్‌లు, అల్యూమినియం పోత డైలలో కోర్ పిన్నులు. పిన్నులకు బంగారు రంగుది వద్దు. కరిగిన అల్యూమినియం అంటుకోకుండా చూడ్డంలో వెండి రంగు క్రోమియం నైట్రైడ్ మేలు. టైటానియం నైట్రైడ్ గాలిలో 500, 600 డిగ్రీలకే ఆక్సైడ్ అవడం మొదలెడుతుంది. అల్యూమినియం కలిసిన టైటానియం అల్యూమినియం నైట్రైడ్ 800 దాకా ఓర్చుకుంటుంది. డైమండ్ లాంటి కార్బన్ పూత రాపిడిని బాగా తగ్గిస్తుంది గానీ 300, 350 దాటితే గ్రాఫైట్ వైపు తిరిగిపోతుంది. వేడి ఎంతో తెలియకుండా పూత పేరు చెప్పడం జ్వరం చూడకుండా మందు రాయడమే.

ఇక కడుగుడు. ఈ పనిలో సగం ఫిజిక్స్ కడిగే తొట్టిలోనే ఉందంటే నవ్వుతారు గానీ పూత ఊడిన కేసుల్లో మొదట చూడాల్సింది అక్కడే. గ్రైండింగ్ నుంచి వచ్చిన పంచ్ ఒకటి తీసుకోండి. ముందు డీమాగ్నెటైజ్ చెయ్యాలి (అయస్కాంత గుణం పోగొట్టాలి), లేకపోతే గ్రైండింగ్ పొడి ఎంత కడిగినా వదలదు. తర్వాత అంచుల్లో బర్ (గ్రైండింగ్‌లో మిగిలిన సన్నటి లోహపు పొరక) ఉందేమో భూతద్దంతో చూడాలి. బర్ మీద పూత పడితే మొదటి దెబ్బకే బర్ విరిగి, సరిగ్గా పూత అవసరమైన చోటే ఖాళీ ఉక్కు మిగులుతుంది. వైర్‌కట్ చేసిన (తీగతో విద్యుత్ నిప్పురవ్వలు పుట్టించి కోసిన) ముఖమైతే కరిగి గడ్డకట్టిన తెల్ల పొర 5 నుంచి 20 మైక్రాన్ల దాకా ఉంటుంది, సన్నటి పగుళ్ళతో. అది పాలిష్‌తోనో తడి బ్లాస్టింగ్‌తోనో పూర్తిగా పోవాలి, పోకపోతే పూత ఆ పొరకు అంటుకుంటుంది, పొర ఉక్కును వదిలేస్తుంది. ఇత్తడి బ్రేజింగ్ (కరిగించిన లోహంతో వేసిన అతుకు) ఉందా అని తప్పక అడగాలి. జింకు, కాడ్మియం ఉన్న బ్రేజింగ్ వాక్యూమ్‌లో వేడికి ఆవిరై ఛాంబర్ అంతా పూసుకుంటుంది, ఆ పనిముట్టుతోపాటు పక్కన పెట్టిన నలుగురి సరుకూ పోతుంది.

ఆ తర్వాత 60 డిగ్రీల దగ్గర క్షార డిటర్జెంటులో అల్ట్రాసోనిక్ తొట్టిలో పది నిమిషాలు, రెండు సార్లు నీటి జాలాడింపు, చివర డీఅయనైజ్డ్ నీళ్ళు, వెంటనే వేడి గాలి. ఆలస్యమైతే హైస్పీడ్ స్టీలు మీద తుప్పు చుక్కలు లేస్తాయి. తుప్పు పట్టకుండా ఇన్హిబిటర్ కలిపితే అది సన్నటి పొరగా మిగిలి మరో తలనొప్పి. శుభ్రం అయిందో లేదో చూడ్డానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. డీఅయనైజ్డ్ నీళ్ళలో ముంచి తీసి నిలబెట్టి చూడాలి. నీటి పొర అర నిమిషం దాకా ఎక్కడా తెగకుండా అద్దంలా నిలిస్తే సరి. ఎక్కడైనా పొర చీలి బొట్లుగా ముడుచుకుందంటే అక్కడ నూనె ఉంది. ఆ మచ్చ ఆకారం ఒక్కోసారి అచ్చంగా బొటనవేలి ముద్రలా ఉంటుంది. కొబ్బరినూనె రాసిన తల సర్దుకున్న చేతితో పంచ్ పట్టుకుంటే ఇంకేముంటుంది! పౌడరు లేని నైట్రైల్ తొడుగులు వేసుకోవాలి, అవీ తల ముట్టని తొడుగులు. సిలికోన్ స్ప్రే వాడిన డై అయితే దానికి వేరే తొట్టి పెట్టాలి. సిలికోన్ ఓ పట్టాన వదలదు, తొట్టిలో దిగి తర్వాతి సరుకుకీ అంటుకుంటుంది.

ఛాంబర్ లోపలికి పోదాం. 10⁻⁶ మిల్లీబార్ లాంటి మంచి వాక్యూమ్‌లో కూడా, తగిలిన అణువల్లా అతుక్కుంటే, శుభ్రమైన ఉపరితలం మీద ఒక అణువు మందం పొర పరుచుకోవడానికి రెండు మూడు సెకన్లు చాలు. అందుకే పూతకు ముందు ఆర్గాన్ అయాన్లతో (ఛార్జి ఎక్కిన అణువులతో) ఉపరితలాన్ని గీకుతారు, గీకుడు ఆపకుండానే పూత మొదలుపెడతారు. రెండిటికీ మధ్య ఐదు నిమిషాలు ఖాళీ వదిలితే గీకిన ఫలితం పోయినట్టే. గీకుడు ఎక్కువైనా చిక్కే. బ్లేడులాంటి పలచని అంచులు అయాన్ల దెబ్బకు మిగతా భాగం కంటే ఎక్కువ వేడెక్కి అక్కడికక్కడే టెంపర్ దిగిపోతాయి, పదునూ మొద్దుబారుతుంది. వేడి కొలిచే థర్మోకపుల్ మాత్రం 430 చూపిస్తూ ఉంటుంది, అది లావు భాగానికి తగిలి ఉంది కనుక.

కోరాపుట్ కొండల్లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడే వానల్లో ఇలాంటి యంత్రం నడపడమంటే నీటి ఆవిరితో కుస్తీయే. ఛాంబర్ గోడల మీద పాత పూత పెచ్చులుగా పేరుకుని ఉంటుంది, అది స్పంజిలా తడి పీలుస్తుంది. తలుపు తెరిచి అరగంట కబుర్లాడితే చాలు, వేసవిలో గంటలో దిగే ప్రెషర్ రెండు మూడు గంటలైనా దిగదు. తొందరపడి వేసేస్తే నైట్రైడ్‌లోకి ఆక్సిజన్ చేరి బంగారు రంగు కాస్తా గోధుమ రంగుకి తిరుగుతుంది, పట్టు కూడా తగ్గుతుంది. చెయ్యాల్సినవి పెద్ద పనులేం కావు. తలుపు తియ్యబోయే ముందు గోడల చుట్టూ తిరిగే చల్లనీళ్ళ బదులు 50, 60 డిగ్రీల వేడినీళ్ళు తిప్పాలి. గాలికి బదులు పొడి నైట్రోజన్‌తో తెరవాలి. లోపలి షీల్డులు విప్పి క్రమం తప్పకుండా బ్లాస్ట్ చేయించాలి. సరుకు ముందే స్టాండుకి అమర్చి పెట్టుకుని, తలుపు పదిహేను నిమిషాల్లో మూసెయ్యాలి.

ప్రెషర్ దిగకపోతే లీకా, తడా? దీనికి సమాధానం డిగ్రీ ఫిజిక్సులోనే ఉంది. పంపు వాల్వు మూసేసి, ప్రతి పది సెకన్లకూ ప్రెషర్ రాసుకుంటూ గ్రాఫు గీయాలి. గీత తిన్నగా ఒకే వాలులో పోతే బయటి గాలి వస్తోంది, లీకు. మొదట లేచి తర్వాత వంగి చదునైతే లోపలి తడి. 500 లీటర్ల ఛాంబర్‌లో ప్రెషర్ 60 సెకన్లలో 0.0006 మిల్లీబార్ పెరిగితే, గుణించి భాగిస్తే సెకనుకి 0.005 మిల్లీబార్-లీటర్. అది మంచి నైట్రైడ్‌కి ఎక్కువే. గీత లీకులా ఉండి, హీలియం పెట్టి వెతికినా ఎక్కడా దొరక్కపోతే లోపల గుడ్డి రంధ్రాల్లో బిగించిన స్క్రూలు చూడాలి. వాటి అడుగున చిక్కుకున్న గాలి స్క్రూ చుట్ల (థ్రెడ్ల) సందుల్లోంచి గంటల తరబడి బయటికొస్తూనే ఉంటుంది. స్క్రూ మధ్యలో సన్న రంధ్రం పొడిపిస్తే పోయే జబ్బు.

కరెంటు సంగతి కూడా ఇక్కడే చెప్పెయ్యాలి. నూనె ఆవిరితో వాక్యూమ్ చేసే డిఫ్యూజన్ పంపు నడుస్తుండగా కరెంటు పోయి, దాంతోపాటు చల్లనీళ్ళూ ఆగిపోతే మరుగుతున్న నూనె మాడుతుంది, దాని ఆవిరి ఛాంబర్‌లోకి ఎగదన్నుతుంది. ఆ ఒక్కసారి చేరిన నూనె వారం రోజులు పూతల్ని ఊడగొడుతుంది. పైనున్న ట్యాంకు నుంచి దానంతట అదే దిగే నీటి లైనొకటి, కరెంటు పోగానే పంపుకీ ఛాంబర్‌కీ మధ్య తనంతట మూసుకునే హైవ్యాక్ వాల్వొకటి ఉంటే సరిపోతుంది. కొత్త యంత్రం కొనేటప్పుడు కంప్యూటర్ స్క్రీను ఎన్ని అంగుళాలో అడుగుతారు, దీన్ని అడగరు!

ఇప్పుడు అయాన్ బీమ్. పైన చెప్పిన ఆర్క్ పద్ధతిలో అయాన్లు ఛాంబర్ అంతా కలగాపులగంగా ఉంటాయి. అయాన్ బీమ్‌లో వేరే మూలం నుంచి ఫలానా శక్తితో, ఫలానా దిక్కుకి, ఫలానా కరెంటుతో అయాన్లు వస్తాయి. ఈ మూలం పుట్టింది కోటింగ్ కోసం కాదు. 1960 ప్రాంతంలో అమెరికాలోని నాసా లూయిస్ కేంద్రంలో హెరాల్డ్ కాఫ్‌మన్ దీన్ని అంతరిక్ష నౌకల్ని తోయడానికి తయారుచేశాడు. 1964లో సెర్ట్-1 ప్రయోగంలో అది అంతరిక్షంలో పనిచేసి చూపించింది. అదే ఇంజన్‌ని గదిలో పెట్టి, దాని పొగగొట్టం ఎదురుగా అద్దాన్నో లోహాన్నో ఉంచితే కోటింగ్ మూలమైంది.

అందులో రెండు జల్లెడలుంటాయి, గ్రాఫైట్‌వో మాలిబ్డినంవో, వేల చిల్లులతో. రెండూ చిల్లుకి చిల్లు ఎదురుగా ఉండాలి, మధ్యలో మిల్లీమీటరు సందు. ఆ సందులోంచి ఎంత కరెంటు లాగవచ్చో చైల్డ్-లాంగ్మ్యూర్ సూత్రం చెప్తుంది. కరెంటు వోల్టేజి ఒకటిన్నర ఘాతంతో పెరుగుతుంది, సందు వర్గంతో తగ్గుతుంది. ఆర్గాన్‌కి 1000 వోల్టులు, 1 మిల్లీమీటరు సందు పెట్టి లెక్కేస్తే చదరపు సెంటీమీటరుకి దాదాపు 27 మిల్లీఆంపియర్లు. అదే 100 వోల్టులకు 0.9 కూడా రాదు. పరీక్షలో పది మార్కుల ప్రశ్నగా చదివి మరిచిపోయిన సూత్రమే ఇది. పూత పెరుగుతుండగా దాన్ని దిట్టం చెయ్యడానికి కావలసింది తక్కువ శక్తి, ఎక్కువ కరెంటు. పదుల నుంచి ఒకట్రెండు వందల ఎలక్ట్రాన్ వోల్టులు చాలు, అంతకు మించితే వేసిన పూతే మళ్ళీ లేచిపోతుంది, ఆర్గాన్ లోపల ఇరుక్కుంటుంది. జల్లెడల మూలం సరిగ్గా అక్కడే చేతులెత్తేస్తుంది. అందుకే ఆ పనికి జల్లెడలే లేని హాల్ మూలం వాడతారు. అందులో అయాన్ల సగటు శక్తి డిశ్చార్జ్ వోల్టేజిలో సుమారు అరవై, డెబ్భై శాతం.

ఈ మూలాల్లో చెడిపోయేవి కొన్నే, కానీ అవే మళ్ళీ మళ్ళీ చెడిపోతాయి. పెచ్చొకటి రాలి రెండు జల్లెడల మధ్య పడితే షార్టు. జల్లెడలు వెంట్రుకవాసి జరిగినా బీమ్ రెండో జల్లెడనే తినేస్తుంది, ఆ లోహం పూతలో కలుస్తుంది. సిరామిక్ ఇన్సులేటర్ల మీద లోహం పూసుకుని అవే కరెంటు మోయడం మొదలెడతాయి. ధన అయాన్ల వెంట ఎలక్ట్రాన్లు పంపే న్యూట్రలైజర్ ఫిలమెంటు టంగ్‌స్టన్‌దైతే ఆక్సిజన్‌లో తొందరగా కాలిపోతుంది. అది కాలిన సంగతి గమనించకపోతే గాజు మీద ఛార్జి పేరుకుని చిటపటా మెరుపులు, పూత నిండా గుంటలు. ఈ శుభ్రం చెయ్యడం, అమర్చడం, వెయ్యి చిల్లుల్ని దీపానికి పట్టి చూడ్డం, మొదటి ఏడాది ఉద్యోగమంతా ఇదే. కొందరికి ఇది నామర్దాగా అనిపిస్తుంది, మానేసి పోతారు.

అయాన్లను లోపలికి దిగగొట్టే పద్ధతి వేరు, దాన్ని ఇంప్లాంటేషన్ అంటారు. నైట్రోజన్‌ను 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టులతో ఉక్కులోకి పంపితే దిగేది 0.1 మైక్రాన్ వరకే. పూత కాదు కనుక ఊడేదేం ఉండదు, కొలత మారదు, 200 డిగ్రీల లోపే పని అయిపోతుంది. పైన చెప్పిన ఈఎన్31 లాంటి వాటికి ఇదొక దారి. అయితే ఎంతసేపు పడుతుందో లెక్కేసుకోవాలి. చదరపు సెంటీమీటరుకి 2×10¹⁷ అయాన్లు కావాలి. 1 మైక్రోఆంపియర్ అంటే సెకనుకి 6.24×10¹² అయాన్లు. భాగిస్తే దాదాపు 9 గంటలు. 10 మైక్రోఆంపియర్లు చేస్తే గంటలోపు, కాకపోతే అప్పుడు చదరపు సెంటీమీటరుకి 1 వాటు వేడి పడుతుంది, చల్లార్చే ఏర్పాటు లేకపోతే 200 డిగ్రీల మాట గాలికిపోతుంది. మిల్లీమీటరులో పదో వంతు లోతుకు గట్టితనం కావాలంటే ఇది వదిలేసి ప్లాస్మా నైట్రైడింగ్ (ప్లాస్మాలో వేడిచేసి నైట్రోజన్‌ను ఉక్కులోకి ఇంకించడం) చూసుకోవాలి. గాంధీనగర్ ప్లాస్మా పరిశోధన సంస్థ వాళ్ళు పరిశ్రమల కోసం 1997 నుంచి నడుపుతున్న కేంద్రం పనుల్లో అదొకటి.

మరి అయాన్ బీమే కావాలి, ఇంకేదీ పనికిరాదు అనే చోట్లు లేవా? ఉన్నాయి. లేజర్ అద్దాలు. మామూలుగా ఆవిరి చేసి పూసిన పూతలో అణువులు నీరసంగా వచ్చి పడి, మధ్య సందులున్న స్తంభాల్లా పెరుగుతాయి. ఆ సందుల్లోకి తేమ దూరి అద్దం పనిచేసే తరంగదైర్ఘ్యమే జరిగిపోతుంది. 1000 ఎలక్ట్రాన్ వోల్టులపైన శక్తి ఉన్న బీమ్‌తో టార్గెట్‌ను (పూత పదార్థపు దిమ్మెను) కొట్టి, అక్కడి నుంచి ఎగిరిన అణువులతో పూస్తే సందులుండవు. గురుత్వ తరంగాల్ని పట్టిన లైగో అద్దాల పూత ఇలా వేసినదే. ఒక్కో అద్దం 40 కిలోలు, 34 సెంటీమీటర్ల వ్యాసం, సిలికా ఒక పొర, టైటానియా కలిపిన టాంటాలా ఒక పొర, ఇలా మార్చి మార్చి. మనవాళ్ళు తరాలుగా ఉంటున్న నాందేడ్‌కి పక్క జిల్లా హింగోలిలో, ఔంఢా నాగనాథ్ దగ్గర లైగో-ఇండియా కట్టడానికి 2023 ఏప్రిల్‌లో కేంద్రం 2,600 కోట్లు మంజూరు చేసింది. డిటెక్టర్ భాగాలు అమెరికా వైపు నుంచి వస్తాయి. 4 కిలోమీటర్ల చొప్పున రెండు చేతులకూ వాక్యూమ్ మాత్రం మనదే బాధ్యత. పైన చెప్పిన లీకు గ్రాఫు అక్కడా గీయాల్సిందే.

రెండో చోటు భువనేశ్వర్‌లో. 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం అక్కడ సిలికాన్ కార్బైడ్ చిప్‌ల ఫ్యాక్టరీకి అనుమతి ఇచ్చింది. సిలికాన్‌లో మలినాల్ని వేడితో లోపలికి ఇంకించవచ్చు, సిలికాన్ కార్బైడ్‌లో అవి ఇంకవు. అయాన్లతో దిగగొట్టడం ఒక్కటే ఆచరణలో ఉన్న దారి. అదీ అల్యూమినియం దిగగొట్టేటప్పుడు పలకను 500 డిగ్రీల దాకా వేడిగా ఉంచి, తర్వాత 1600 డిగ్రీలు దాటించి చెదిరిన స్ఫటికాన్ని సర్దాలి. దీనికి బీమ్ తెలిసినవాళ్ళు కావాలి, కోడింగ్ మాత్రమే వస్తే కుదరదు.

వేసిన పూతను పరీక్షించే దగ్గర అబద్ధాలు బాగా నడుస్తాయి. "హార్డ్‌నెస్ 2300 వికర్స్" అని సర్టిఫికెట్ ఇస్తారు. 3 మైక్రాన్ల పూతకు గుంట లోతు పదో వంతు, అంటే 0.3 మైక్రాన్ దాటకూడదు. 25 గ్రాముల బరువుతో నొక్కినా గుంట 0.6 మైక్రాన్ దిగుతుంది. కాబట్టి మామూలు మైక్రోహార్డ్‌నెస్ యంత్రం చెప్పే అంకె పూతదీ ఉక్కుదీ కలగలిసినది. అంతకంటే చిన్న గుంటను కొలిచే నానోఇండెంటర్ లేకుండా ఆ సర్టిఫికెట్ ఇచ్చినవాడు పుస్తకంలో అంకె ఎక్కించాడని అర్థం. మందం మాత్రం చవగ్గా కొలవచ్చు. 30 మిల్లీమీటర్ల ఉక్కు గోళీని వజ్రపు ముద్ద రాసి పూత మీద తిప్పితే ఉంగరంలా గుంట పడుతుంది. బయటి వలయం 0.80 మిల్లీమీటర్లు, లోపలిది 0.50 ఉంటే, వర్గాల తేడా 0.39ని గోళీ వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లు, అంటే 120తో భాగించాలి. 3.25 మైక్రాన్లు.

అంటుకున్నదా లేదా అన్నదానికి ఏ పాలిటెక్నిక్ ల్యాబులోనైనా ఉండే రాక్‌వెల్ యంత్రం చాలు. 150 కిలోల బరువుతో వజ్రపు మొన దించి, అర మిల్లీమీటరు లోపు ఉండే ఆ గుంట అంచును మైక్రోస్కోపులో వంద రెట్లు పెద్దది చేసి చూడాలి. అంచు చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్ళు కిరణాల్లా పోతే భయం లేదు, గట్టి పూత అలాగే పగులుతుంది. అంచు వెంబడి పూత పలకలుగా లేచి కింద తెల్లటి ఉక్కు కనిపించిందంటే తిరిగి కడుగుడు తొట్టి దగ్గరికి పోవాలి. జర్మన్ ప్రమాణంలో దీన్ని హెచ్‌ఎఫ్1 నుంచి హెచ్‌ఎఫ్6 దాకా బొమ్మలతో పోల్చి చెప్తారు, 4 దాకా పాసు, 5, 6 ఫెయిలు.

ఈ దారిలోకి రావాలనుకునే బరంపురం, జయపురం పిల్లలకు నేను చెప్పేది సంప్రదాయ సలహాకి తలకిందులుగా ఉంటుంది. మంచి కాలేజీ పేరు వెతికే ముందు ఒక రోటరీ పంపు విప్పి బిగించండి. అయాన్లు పదార్థంలోకి ఎంత లోతు దిగుతాయో లెక్కగట్టే ఎస్‌ఆర్‌ఐఎమ్ అనే ప్రోగ్రాము ఉచితంగా దొరుకుతుంది. నైట్రోజన్, ఇనుము, 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు ఇచ్చి లోతు ఎంతొస్తుందో మీ ల్యాప్‌టాప్‌లోనే చూడండి, తర్వాత టైటానియం పెట్టి చూడండి. గేట్ ఫిజిక్స్ రాసి మెటీరియల్స్‌లో ఎంటెక్‌కి పోవచ్చు, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఖరగ్‌పూర్ ఐఐటీ దగ్గరలోవే. పరిశోధన అయితే భువనేశ్వర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్‌లో 3 మిలియన్ వోల్టుల పెల్లెట్రాన్ అనే అయాన్ యాక్సిలరేటర్ ఉంది. ఢిల్లీ ఐయూఏసీలో (యూనివర్సిటీల ఉమ్మడి యాక్సిలరేటర్ కేంద్రం) యూనివర్సిటీల వాళ్ళు ప్రతిపాదన పంపి బీమ్ టైమ్ అడగవచ్చు. పూతలే కావాలనుకుంటే హైదరాబాద్ బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ అనే ప్రభుత్వ పరిశోధన కేంద్రం ఉంది. బార్క్ శిక్షణకు ఫిజిక్స్ ఎమ్మెస్సీ సరిపోతుంది. పుణే, చెన్నై, బెంగళూరుల్లో కూలికి పూతలు వేసే కేంద్రాల్లో చేరినవాడికి జీతం మొదట తక్కువే. కానీ అక్కడ ఒక్క ఏడాదిలో చూసే వైఫల్యాలు ప్రయోగశాలలో ఐదేళ్ళకీ కనిపించవు. పీహెచ్‌డీ ముందా అది ముందా అంటే నేను అదే ముందంటాను. గురువులు ఒప్పుకోరు.

కోరాపుట్‌లోనో రాయగడలోనో ఒక కోటింగ్ కేంద్రం పెట్టాలని అప్పుడప్పుడూ వినిపిస్తుంటుంది. రోజుకి ఛాంబర్‌కి రెండు మూడు విడతల సరుకు లేకపోతే కరెంటు ఖర్చు కూడా రాదు, అంత సరుకు ఈ వైపు చిన్న వర్క్‌షాపుల నుంచి ఇప్పుడైతే వచ్చేలా లేదు. అంతకంటే ముందు పెట్టగలిగింది ఒకటుంది. రాక్‌వెల్ యంత్రం, మైక్రోస్కోపు, గోళీ గుంట యంత్రం, అల్ట్రాసోనిక్ తొట్టి ఉన్న ఒక గది. పనిముట్టు పూతకు హైదరాబాద్‌కి పోయే ముందు, వచ్చాక అక్కడ చూసి పంపాలి. ప్రతి పెట్టెలోనూ ఒక చీటీ పెట్టాలి. ఉక్కు పేరు, హార్డ్‌నెస్, చివరి టెంపరింగ్ ఎన్ని డిగ్రీలు, గ్రైండ్ చేసిందా వైర్‌కట్ చేసిందా, బ్రేజింగ్ ఉందా, ఏ ముఖం మీద పూత, ఎంత మందం, ఏ లోహాన్ని కొయ్యడానికి, పాత పూత ఏదైనా ఉందా. వ్యాసం మీద 6 మైక్రాన్లు పెరిగితే పంచ్ డైలో పడుతుందా అన్నది కూడా ఆ చీటీలో రాసి ఉండాలి, ఎందుకంటే 3 మైక్రాన్ల పూత రెండు వైపులా పడుతుంది.